కఠినమైన రూల్స్ ఉన్న కాలేజీ హాస్టల్లో నెగ్గుకురావడం ఎలా?

మన తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లోనో, డిగ్రీ కాలేజీ హాస్టల్లోనో సీటు తీసుకుంటే గది తాళంతో పాటు ఒక రూల్స్ కాగితం కూడా చేతికి వస్తుంది. సాయంత్రం ఇన్‌టైమ్, రాత్రి అటెండెన్స్, బయటికెళ్లాలంటే అవుట్‌పాస్, స్టడీ అవర్స్‌లో ఫోన్ బంద్, గదిలో కెటిల్ పెట్టకూడదు, ఇలా సాగిపోతుంది. చాలామంది చదవకుండా సంతకం పెట్టేసి, మొదటి ఫైన్ పడ్డాక తీసి చదువుతారు.

నేను హాస్టల్లో ఉండే చదువుకున్నాను. తర్వాత ఉద్యోగంలో చేరాక కొంతకాలం డిప్యూటీ వార్డెన్ పని కూడా నెత్తిన పడింది. రెండు వైపుల నుంచీ చూశాక నాకు తెలిసింది ఒకటే: ప్రతి రూల్ వెనకా ఎవరో ఒకరి భయం ఉంటుంది. ఆ భయం ఎవరిదో పట్టుకుంటే ఆ రూల్‌తో బతకడం తేలికవుతుంది, అవసరమైనప్పుడు దాన్ని సడలించుకోవడం కూడా. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చదవండి.

1. చేరకముందే కాగితం చదవండి

అడ్మిషన్ రోజు ఆఫీసు దగ్గర క్యూ ఉంటుంది, నాన్నగారికి తిరుగు బస్సుకు టైమ్ అవుతుంటుంది, క్లర్క్ "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం" అని వేలు పెట్టి చూపిస్తుంటాడు. ఆ హడావుడిలోనే మీరు ఒక అండర్‌టేకింగ్ (రూల్స్ పాటిస్తానని ఇచ్చే హామీ పత్రం) మీద సంతకం చేసేస్తారు. రేపు ఏదైనా తేడా వస్తే ముందు బయటికి తీసేది ఆ కాగితాన్నే. కాబట్టి రూల్స్ కాపీ ముందురోజే అడగండి. ఇవ్వకపోతే సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ ఫోటో తీసుకోండి. "మా దగ్గర కూడా ఒక కాపీ ఉంచుకుంటాం సార్" అంటే కాదనేవాళ్లు అరుదు.

చదివేటప్పుడు ఇన్‌టైమ్ ఎంత అన్నది మాత్రమే చూసి ఊరుకోవద్దు. ఆలస్యమైతే ఏం చేస్తారో, ఇంటికి ఫోన్ ఎప్పుడు చేస్తారో, సస్పెండ్ చేసే అధికారం వార్డెన్‌కు ఉందా, ప్రిన్సిపాల్‌కు ఉందా అన్నవి చూడండి. సెలవుల్లో హాస్టల్ మూసేస్తారా, మధ్యలో ఖాళీ చేస్తే కాషన్ డిపాజిట్ (చేరేటప్పుడు కట్టి, వెళ్లేటప్పుడు తిరిగి తీసుకునే డబ్బు) సంగతేంటి, మెస్ బిల్లు ఎన్ని రోజులు ముందు చెబితే తగ్గిస్తారు అన్నవి కూడా. వీటిలో సగం ఆ కాగితంలో ఉండవు. లేనివి నోటితో అడిగి, జవాబు చెప్పినవాళ్ల పేరూ తేదీ పక్కన రాసుకోండి.

ఇంకో మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. "కోర్సు అయ్యేదాకా మా దగ్గరే ఉంటాయి" అంటే అభ్యంతరం చెప్పవచ్చు. సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వకుండా పట్టుకోవడాన్ని యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) 2023 నాటి విద్యార్థుల ఫిర్యాదుల నిబంధనలు ఫిర్యాదు చేయదగిన విషయంగానే లెక్కేస్తాయి.

2. రూల్ ఎవరిదో కనిపెట్టండి

హాస్టల్లో మీరు వినే రూల్స్ అన్నీ ఒకే చోటి నుంచి రావు. కొన్ని కాలేజీ అచ్చువేసినవి. కొన్ని వార్డెన్ సొంతంగా పెట్టినవి, ఆయన మారితే అవీ మారతాయి. కొన్ని గేటు దగ్గర సెక్యూరిటీ అన్న తన ఇబ్బంది తగ్గించుకోవడానికి కల్పించుకున్నవి. ఇంకొన్ని సీనియర్లు జూనియర్ల మీద రుద్దేవి. చివరి రకానికి రూల్ అనే పేరు కూడా తగదు, దాని గురించి తర్వాత చెబుతాను.

ఇప్పుడు భయాల సంగతి. సెక్యూరిటీ అన్నకు తన రిజిస్టర్‌లో లెక్క తప్పుతుందేమోనని భయం. లోపలికి వచ్చినవాళ్ల సంఖ్య బయటికి వెళ్లినవాళ్లతో సరిపోకపోతే ఆయన జీతం కోస్తారు. వార్డెన్‌కు రాత్రి పదకొండు గంటలకు మీ అమ్మగారు ఫోన్ చేసి "మా పిల్ల ఎక్కడుంది?" అంటే జవాబు లేకపోతే ఎలా అన్న భయం. మేనేజ్‌మెంట్‌కు పేపర్లో కాలేజీ పేరు పడుతుందేమోనని. మీ ఇంట్లోవాళ్లకు ఏం భయమో నేను చెప్పక్కర్లేదు.

డిప్యూటీ వార్డెన్‌గా ఉన్నప్పుడు రాత్రి అటెండెన్స్ షీట్‌లో ఒక్క గడి ఖాళీగా ఉంటే నాకు అన్నం సహించేది కాదు. ఆ గడి తాలూకు కుర్రాడు టీ తాగుతూ మెట్ల మీద కూర్చున్నా సరే, అతను కనిపించేదాకా నాకు టెన్షనే. "రూమ్ 214, లైబ్రరీలో ఉన్నాను సార్" అని ముందే ఒక్క మెసేజ్ పెట్టినవాళ్లంటే నాకు ఎంత ప్రేమో వాళ్లకు తెలియదు. వాళ్లు తర్వాత ఏదైనా పర్మిషన్ అడిగితే నేను పెద్దగా ప్రశ్నలు వేసేవాణ్ణి కాదు.

3. మొదటి నెల ఒక్క రూల్ కూడా తప్పకండి

విసుగ్గా అనిపిస్తుంది, తెలుసు. కానీ మొదటి నెలలో వార్డెన్ మనసులో మీ పేరు పక్కన పడే ముద్ర ఏడాదంతా అలాగే ఉంటుంది. అటెండెన్స్‌కు టైమ్‌కి ఉండండి, మెస్‌లో ప్లేటు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టండి, ఎదురైతే "గుడ్ ఈవినింగ్ సార్" అనండి. ఇది కాకా పట్టడమని సీనియర్లు ఎగతాళి చేస్తారు, చేయనివ్వండి.

ఈ నెలలో చేయాల్సిన అసలు పని గమనించడం. ఏ రూల్‌ను గట్టిగా పట్టుకుంటారు, దేన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు? మామూలుగా ఇన్‌టైమ్ విషయంలో ఎవరూ తగ్గరు. గోడకు పోస్టర్లు అంటించవద్దనే రూల్‌ను ఎవరూ పట్టించుకోరు. కానీ ఒక హాస్టల్లో వదిలేసేది ఇంకో హాస్టల్లో ఇంటికి ఫోన్ దాకా వెళ్తుంది. అందుకే పక్క కాలేజీ స్నేహితుడు చెప్పింది ఇక్కడ నమ్ముకోవద్దు.

4. అవుటింగ్, అవుట్‌పాస్

గొడవల్లో ముప్పాతిక వంతు గేటు దగ్గరే మొదలవుతాయి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

పాస్ అడిగేటప్పుడు నాలుగు సంగతులు ఉండాలి: ఎక్కడికి, ఎవరితో, ఎలా వెళ్తారు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు. "పర్సనల్ వర్క్" అని రాస్తే వార్డెన్ బుర్రలో పది అనుమానాలు మొలుస్తాయి. ఇలా రాయండి:

"గౌరవనీయులైన వార్డెన్ గారికి, ఈ శనివారం మా అక్క నిశ్చితార్థం ఉంది. శుక్రవారం సాయంత్రం క్లాసులు అయ్యాక నాలుగున్నరకు బయల్దేరి ఆర్టీసీ బస్సులో ఊరికి వెళ్తాను. ఆదివారం సాయంత్రం ఆరు లోపు తిరిగి వస్తాను. మా నాన్నగారు ఈ రోజు సాయంత్రం మీకు ఫోన్ చేస్తారు. సోమవారం ల్యాబ్ రికార్డు ఇప్పటికే పూర్తి చేశాను."

చివరి వాక్యం చూశారా? ఎవరూ అడగలేదు, అయినా రాశారు. చదువు పాడవుతుందేమోనన్న సందేహానికి అడగకముందే జవాబు ఇచ్చేశారు. ఇక కాదనడానికి వార్డెన్‌కు కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఉత్తరం కనీసం రెండు రోజులు ముందు ఇవ్వండి. శుక్రవారం మధ్యాహ్నం వార్డెన్ గది బయట పెద్ద గుంపు ఉంటుంది, ఆయన చిరాకులో ఉంటాడు, ఆ చిరాకు ఎవరో ఒకరి మీద పడుతుంది. బుధవారం ప్రశాంతంగా వెళ్లి సంతకం తెచ్చుకున్నవాళ్లకు ఆ ఊసే ఉండదు.

ఆలస్యం అవుతోందని తెలిసిన మరుక్షణం ఫోన్ చేయండి. గేటు దాకా వచ్చాక చెప్పే కారణం ఎంత నిజమైనా సాకులాగే వినిపిస్తుంది. అదే మాట ఇన్‌టైమ్‌కు అరగంట ముందు చెబితే సమాచారం అవుతుంది. "సార్, బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోయింది, ఏడున్నరకు రావాల్సింది ఎనిమిదిన్నర అయ్యేలా ఉంది, నాతో పాటు 310 రూమ్ వాళ్లిద్దరు ఉన్నారు" అని చెప్పి, లొకేషన్ పంపండి. బస్ టికెట్ పారేయకండి, దాని మీద టైమ్ ఉంటుంది. లోపలికి వచ్చాక ఒకసారి వార్డెన్‌కు కనిపించి వెళ్లండి.

చేయకూడనివి కూడా చెప్పాలి. స్నేహితుడి నంబరును నాన్న నంబరుగా రిజిస్టర్‌లో రాయించడం చాలా హాస్టళ్లలో ఉన్న పాత విద్యే. ఇప్పుడు అవుట్‌పాస్‌కు తల్లిదండ్రుల ఫోన్‌కు మెసేజో ఓటీపీయో పంపే కాలేజీలు పెరిగాయి కాబట్టి ఈ విద్యకు గిరాకీ కూడా పెరిగింది. పట్టుబడే విధానం ఎలా ఉంటుందంటే, ఏదో ఒక రోజు మీకు జ్వరం వస్తుంది, వార్డెన్ ఆ నంబరుకు ఫోన్ చేస్తాడు, అవతల "హలో, ఎవర్రా?" అని మీ వయసు గొంతే పలుకుతుంది. ఆ తర్వాత నాలుగేళ్లూ మీరు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. అటెండెన్స్‌లో ప్రాక్సీ పలకడమూ అంతే. మీరు బయట ఉన్నప్పుడు నిజంగా ఏమైనా జరిగితే, లోపలే ఉన్నారని రిజిస్టర్ చెబుతుంది కాబట్టి మిమ్మల్ని వెతికేవాడు కూడా ఉండడు.

గోడ దూకడం గురించి ఒక్క మాట చాలు: గోడ మీద గాజు పెంకులు ఉంటాయి, అవతల కుక్కలు ఉంటాయి.

హాస్టల్ ఉన్న ఊళ్లో బంధువులుంటే లోకల్ గార్డియన్‌గా వాళ్ల పేరు మొదటి వారంలోనే రాయించండి. ఇంటి నుంచి నాన్న ఫోన్ ఎత్తని రోజున బాబాయి గారో పిన్ని గారో మాట్లాడితే పని అయిపోతుంది.

5. ఫోన్ తీసుకుంటామంటే

కొన్ని హాస్టళ్లలో స్టడీ అవర్స్‌లో ఫోన్లు డబ్బాలో వేయించుకుంటారు, కొన్నిచోట్ల వారం పొడుగునా వార్డెన్ దగ్గరే. ముందు ఇంట్లో చెప్పండి, ఏ టైమ్‌లో దొరుకుతానో, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో. ఇది చెప్పకపోతే మొదటి రాత్రే అమ్మ ముప్పై సార్లు ఫోన్ చేసి, ఏడుస్తూ వార్డెన్‌కు ఫోన్ చేస్తుంది.

ముఖ్యమైన నంబర్లు ఒక చిన్న నోట్‌బుక్‌లో చేత్తో రాసుకోండి. అమ్మ నంబరు కంఠతా రానివాళ్లు ఈ రోజుల్లో చాలామందే. బ్యాంకు ఓటీపీలు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరీక్ష ఫీజు లాంటి పనులకు ఫోన్ కావాలి కాబట్టి వాటి చివరి తేదీలు ముందే చూసుకుని ఆ రోజుకు అడిగి తీసుకోండి. డబ్బాలో వేసే ముందు స్విచాఫ్ చేసి, స్క్రీన్ లాక్ పెట్టి, వెనక మీ పేరు, రూమ్ నంబరు అంటించండి. ఒకే మోడల్ ఫోన్లు ఆ డబ్బాలో అరడజను ఉంటాయి.

పాత ఫోన్ డబ్బాలో వేసి కొత్తది దిండు కింద దాచుకోవడం గురించి అడుగుతారు. దొరికితే రెండూ పోతాయి. ఛార్జర్ ప్లగ్గుకు ఉండి ఫోన్ కనిపించకపోతే చెకింగ్‌కు వచ్చినవాళ్లకు అర్థం కాదని అనుకోకండి.

ఈ రూల్ మరీ మితిమీరిందనిపిస్తే అడిగే దారి ఉంది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ వాడకూడదన్న నిబంధనకు ఒప్పుకోనందుకు బయటికి పంపేసిన ఒక విద్యార్థినిని తిరిగి చేర్చుకోవాలని తీర్పు ఇచ్చింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో, గోప్యత హక్కులో భాగమని అందులో చెప్పింది. అది కేరళ తీర్పు, మన హైకోర్టులు దానికి కట్టుబడాల్సిన పని లేదు. అయినా కాలేజీ వాళ్లతో మాట్లాడేటప్పుడు ప్రస్తావించడానికి పనికొస్తుంది. అయితే ఆ కేసులో ఉన్నది చదువుకు నెట్ కావాల్సిన పెద్దపిల్లలని గుర్తుంచుకోండి. ఇంటర్ హాస్టల్లో ఉన్న తమ్ముడి కోసం ఇదే వాదన తీసుకెళ్తే అంత బలంగా నిలబడకపోవచ్చు.

6. గదిలో ఏం పెట్టుకోవాలి, ఏం వద్దు

కెటిల్, ఇండక్షన్ స్టవ్, నీళ్లు కాచే రాడ్ ఎందుకు వద్దంటారో ఎవరూ వివరంగా చెప్పరు. లెక్క చాలా చిన్నది. గదుల్లో మామూలుగా ఉండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకు చేసినది. 1500 వాట్ల కెటిల్‌ను 230 వోల్టుల మీద పెడితే దాదాపు 6.5 ఆంపియర్లు లాగుతుంది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ అయితే 8.7. అదే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు నలుగురి ల్యాప్‌టాప్‌లు, పక్క రూమ్ నుంచి తెచ్చిన ఐరన్ బాక్స్ కూడా తగిలించి ఉంటాయి. వైరు వేడెక్కి, ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. రాడ్ మరీ ప్రమాదం, బకెట్లో నీళ్లు కాగాయా లేదా అని వేలు పెట్టి చూసే అలవాటు ప్రాణాల మీదకు తెస్తుంది.

కాబట్టి ఈ ఒక్క రూల్ విషయంలో నేను పూర్తిగా వార్డెన్ పక్షమే. కావాలంటే ఫ్లోర్‌కు ఒక వేడినీళ్ల డిస్పెన్సర్ పెట్టమని, కారిడార్‌లో 16 ఆంపియర్ల సాకెట్‌తో ఇస్త్రీ టేబుల్ పెట్టమని అందరూ కలిసి అడగండి. చాలా హాస్టళ్లు దీనికి ఒప్పుకుంటాయి, ఎందుకంటే వాళ్ల భయం కూడా తగ్గుతుంది.

చెకింగ్‌కు వస్తే తలుపు తీసి, పక్కన నిలబడండి. మీ పెట్టె మీ ముందే తెరవమని మర్యాదగా అడగవచ్చు. ఏదైనా తీసుకెళ్తే రిజిస్టర్‌లో రాయించి, ఎప్పుడు తిరిగి ఇస్తారో అడగండి. "తర్వాత చూద్దాంలే" అన్న వస్తువు సెమిస్టర్ చివరికి ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

రూమ్మేట్ తెచ్చిన నిషేధ వస్తువుకు కూడా ఫైన్ గదిలో అందరికీ పడుతుంది. అది ముందే మాట్లాడుకోండి. "నువ్వేం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు, మన రూమ్‌లో మాత్రం వద్దురా" అని మొదటి వారంలో చెప్పడం తేలిక, ఆరు నెలల తర్వాత చెబితే స్నేహం చెడుతుంది.

7. మెస్ టైమింగ్స్, స్టడీ అవర్స్, లైట్లు

వీటితో పెద్ద చిక్కు లేదు. మెస్ ఎనిమిదికి మూస్తే ఏడుముప్పావుకు వెళ్లండి. ల్యాబ్ ఆలస్యమయ్యే రోజున ప్లేటు తీసి ఉంచమని పొద్దున్నే మెస్ అన్నకు చెప్పండి, ఆయన ఎప్పుడూ కాదనడు. లైట్లు తీసేశాక చదవాలంటే క్లిప్ లైట్ ఒకటి, రూమ్మేట్ గురక పెడితే ఇయర్‌ప్లగ్స్. స్టడీ అవర్స్‌లో చదువు ఎక్కకపోతే రికార్డులు రాయడం, నోట్స్ ఫెయిర్ చేయడం లాంటి చేతిపని ఆ టైమ్‌కు పెట్టుకోండి, కష్టమైన సబ్జెక్టు మీకు బుర్ర పనిచేసే వేళకు ఉంచుకోండి.

8. దొరికిపోతే

ఏడాదిలో ఒకసారైనా దొరుకుతారు. అందరూ దొరుకుతారు. ఆ రాత్రి వార్డెన్ గదిలో మొదటి ఐదు నిమిషాలు ఎలా మాట్లాడతారన్న దాని మీద మిగతాదంతా ఆధారపడుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పండి, క్లుప్తంగా. "అందరూ చేస్తున్నారు కదా సార్" అన్న మాట నోటి దాకా వస్తుంది, మింగేయండి. ఆ మాట వినగానే వార్డెన్ తర్వాతి ప్రశ్న "ఎవరెవరు?" అని ఉంటుంది. జవాబు చెబితే స్నేహితులు పోతారు, చెప్పకపోతే మీ తప్పు రెట్టింపవుతుంది.

ఉత్తరం రాసివ్వమంటే మీరు చేసింది మాత్రమే రాయండి. "ఫలానా తేదీన అనుమతి లేకుండా రాత్రి తొమ్మిదింటి దాకా బయట ఉన్నాను, ఇకపై అలా జరగదు" అంటే సరిపోతుంది. "నా ప్రవర్తన ముందు నుంచీ బాగాలేదు", "ఈసారి ఏ చర్య తీసుకున్నా నాకు సమ్మతమే" లాంటి వాక్యాలు రాయమని చెప్పినా ఒప్పుకోవద్దు. ఆ రెండో వాక్యం ఖాళీ చెక్కు లాంటిది. రాసిందాన్ని ఫోటో తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం ఎవరడిగినా పెట్టొద్దు.

ఇంటికి ఫోన్ వెళ్తుందని తెలిస్తే మీరే ముందు చేయండి. వార్డెన్ నోటి నుంచి విన్న నాన్నకూ, మీ నోటి నుంచి విన్న నాన్నకూ చాలా తేడా ఉంటుంది.

9. రూల్ మార్చమని అడగాలంటే

ఒక్కసారికి ఒక్కటే అడగండి. పదిహేను డిమాండ్లతో వెళ్తే అందులో అన్నిటికన్నా తేలికైనది, అంటే మెస్‌లో కొత్త ఫ్యాన్ లాంటిది, ఒప్పుకుని మిగతావి మరుగున పడేస్తారు.

ఎవరి దగ్గరికి వెళ్లాలో చూసుకోండి. అచ్చులో ఉన్న రూల్‌ను వార్డెన్ మార్చలేడు. ఆయన మీద అరిచి ప్రయోజనం లేదు, పైగా మీకు సాయం చేయగలిగినవాణ్ణి దూరం చేసుకుంటారు. ఆయన్ను ముందు కలిసి, "సార్, ప్రిన్సిపాల్ గారికి ఇలా రాద్దామనుకుంటున్నాం, మీరు ఒకసారి చూడండి" అనండి. చాలాసార్లు ఆయనే మీ ఉత్తరాన్ని మెరుగుపరుస్తాడు, ఎందుకంటే రాత్రిపూట గేటు దగ్గర నిలబడి ఆయనకూ విసుగొచ్చి ఉంటుంది.

అడిగేటప్పుడు వాళ్ల భయానికి బదులుగా ఏదో ఒకటి చేతిలో పెట్టండి. "ఇన్‌టైమ్ పెంచండి" అనేదానికన్నా "లైబ్రరీకి వెళ్లేవాళ్లకు తొమ్మిదిన్నర దాకా అనుమతించండి. వెళ్లే టైమూ వచ్చే టైమూ రిజిస్టర్‌లో రాస్తాం, గుంపుగానే వస్తాం, ఒక నెల చూసి నచ్చకపోతే తీసేయండి" అన్నది నెగ్గుతుంది. నెల రోజులు ఏ గొడవా లేకుండా గడిచిన సడలింపును వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టం.

అమ్మాయిల హాస్టళ్లలో గేటు ఆరున్నరకు పడి, పక్కనే అబ్బాయిల హాస్టల్ తొమ్మిది దాకా తెరిచి ఉంటే ఆ తేడాను నేరుగా అడగండి. ఇది ఎవరో కొత్తగా అడిగే ప్రశ్న కాదు. 2015లో ఢిల్లీలో విద్యార్థినులు పింజ్రా తోడ్ పేరుతో దీని మీదే ఉద్యమం నడిపారు. 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు రాత్రి గేటు మూసే టైమ్ మీద కేరళ హైకోర్టుకు వెళ్లారు, ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడి ప్రభుత్వం హాస్టల్ వేళల్లో ఆడామగా తేడా లేకుండా ఉత్తర్వు ఇచ్చింది. "భద్రత కోసమమ్మా" అని జవాబొస్తే, భద్రతకు కావాల్సింది దారిలో లైట్లూ, గేటు దగ్గర మనిషీ, ఆలస్యమైతే తెచ్చే వాహనమూ అని చెప్పి, అవి ఎక్కడెక్కడ లేవో ఫోటోలతో సహా ఇవ్వండి.

ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లి, రెండో దాని మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయకపోతే అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టండి.

10. కఠినం ఎక్కడ ఆగిపోతుంది

క్రమశిక్షణ పేరుతో ఏం చేసినా చెల్లుతుందని అనుకోకండి. కొట్టడం, అన్నం పెట్టకపోవడం, అందరి ముందు కులం పేరుతో గానీ మార్కుల పేరుతో గానీ అవమానించడం, జ్వరంతో ఉన్నవాణ్ణి ఆసుపత్రికి పంపకపోవడం, రాత్రి బయటి నుంచి తాళం వేసి తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పకపోవడం, ఇవేవీ హాస్టల్ రూల్స్ కిందికి రావు. తాళం విషయం ప్రత్యేకంగా చెబుతున్నాను: మంటలు రేగితే ఎటు నుంచి బయటపడాలో చేరిన మొదటి రోజే నడిచి చూడండి. ఆ తలుపుకు తాళం ఉంటే వార్డెన్‌కు లిఖితపూర్వకంగా చెప్పండి, దీనికి మొహమాటం వద్దు.

సీనియర్ల "రూల్స్" సంగతి. చొక్కా మూడో బొత్తాం చూస్తూ నడవాలి, అర్ధరాత్రి తమ గదికి రావాలి, రికార్డులు రాసిపెట్టాలి, ఇవన్నీ ర్యాగింగే. మన దగ్గర 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, ఆపైన యూజీసీ 2009 నిబంధనలున్నాయి. నేరం కిందికి వచ్చే ఫిర్యాదైతే కాలేజీ అధిపతి 24 గంటల్లోగా పోలీసులకు ఫిర్యాదు చేయాలని ఆ నిబంధనలే చెబుతాయి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది. "చిన్న విషయమే కదా, ఓర్చుకో" అనే అన్నల మాట వినకండి.

లైంగిక వేధింపులైతే కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి, మూడు నెలల లోపు రాతపూర్వకంగా. చేసింది వార్డెన్ అయినా, మెస్ వర్కర్ అయినా, తోటి విద్యార్థి అయినా అదే కమిటీ. నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లే హక్కు ఎప్పుడూ ఉంటుంది.

మిగతా ఫిర్యాదులకు విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే మరో 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు రాసేటప్పుడు తేదీ, టైమ్, ఎక్కడ, ఎవరు చూశారు అన్న నాలుగూ ఉంచండి. తిట్లూ విశేషణాలూ తీసేయండి. "దుర్మార్గపు వార్డెన్" అని రాసిన కాగితం కన్నా "ఆగస్టు 12 రాత్రి 9.40కి గదిలోకి వచ్చి రెండు చెంపలూ వాయించారు, రూమ్మేట్స్ ఇద్దరూ ఉన్నారు" అన్న కాగితానికి బలం ఎక్కువ.

11. ఊపిరాడట్లేదనిపిస్తే

కొందరికి ఈ గేట్లూ గంటలూ నెల తిరిగేలోపు అలవాటైపోతాయి. కొందరికి కావు. నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం, ఆదివారం ఫోన్‌లో అమ్మ గొంతు వినగానే మాట పెగలకపోవడం రెండు వారాలకు మించి సాగితే దాన్ని హోమ్‌సిక్ అని కొట్టిపారేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ హాస్టల్లో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో పెట్టుకోవాలని ఆదేశించింది. మీ కాలేజీలో ఆ కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో ఆఫీసులో అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తోందని తెలిస్తే, మీకే అయినా, రూమ్మేట్‌కే అయినా, తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రి రెండింటికైనా వార్డెన్ తలుపు తట్టండి. ఆ ఒక్క రాత్రి ఏ రూలూ అడ్డం రాదు.

అన్నీ చేసినా ఆ హాస్టల్ మీకు సరిపడకపోతే మారిపోవచ్చు, దాన్ని ఓటమిగా చూసుకోనక్కర్లేదు. సెమిస్టర్ మధ్యలో కాకుండా చివర్లో మారితే డబ్బు నష్టం తక్కువ. నోటీసు ఎన్ని రోజులు ముందు ఇవ్వాలో రూల్స్ కాగితంలో చూసి, ఖాళీ చేసే రోజు వార్డెన్ గానీ కేర్‌టేకర్ గానీ గదిలో ఉండగా మంచం, టేబుల్, ఫ్యాన్, స్విచ్‌బోర్డు ఫోటోలు తీయండి. మెస్ బకాయి లేదని, లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేశారని నో డ్యూస్ మీద సంతకాలు పెట్టించుకుని, కాషన్ డిపాజిట్ ఏ తేదీకి, ఏ ఖాతాలో వేస్తారో అదే కాగితం మీద రాయించుకుని బయల్దేరండి.